మానని మనోగాయానికి చికిత్స ఉన్నది

ఆలయ మండపంలో ప్రవచనం ముగిసిన తరువాత నాతో ఏకాంతంగా మాట్లాడాలని కోరేవారు ప్రతి నెలా కొందరుంటారు. వారిలో చాలామంది అడిగేది ఒకే విధమైన ప్రశ్న. "ఎన్నో ఏళ్ల నాడు జరిగిన ఒక సంఘటన నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఏ జపం చేయాలి? ఏ శాంతి జరిపించాలి?" అంటారు. ఒకరికి అది రోడ్డు ప్రమాదం. ఒకరికి వరద. మరొకరికి చిన్ననాట అయినవారి చేతిలోనే జరిగిన హింస. జపం చెప్పి, శాంతి చెప్పి పంపవచ్చు. అంతటితో ఊరుకుంటే వారికి చేయవలసిన ఉపకారంలో సగమే చేసినట్లవుతుంది. మిగిలిన సగం వైద్యశాస్త్రం చేతిలో ఉన్నది. అది ఏమిటో, ఎలా పనిచేస్తుందో నాకు అలవాటైన శాస్త్రపరిభాషలోనే వివరించే ప్రయత్నం చేస్తాను.

స్మృతి వేరు, అనుభవం వేరు

తర్కశాస్త్రం ప్రారంభించే విద్యార్థి చేతికి మొదట ఇచ్చే గ్రంథం అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం. అందులో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించారు. ఎదుట ఉన్న కుండను కంటితో చూడడం అనుభవం. ఆ అనుభవం లోపల ఒక ముద్రను విడిచి వెళుతుంది. దానికి సంస్కారమని పేరు. ఆ సంస్కారం మేల్కొన్నప్పుడు కలిగే జ్ఞానమే స్మృతి. సంస్కారాన్ని మేల్కొలిపేదానిని ఉద్బోధకమంటారు. ఏనుగును చూడగానే మావటివాడు గుర్తుకు వస్తే, అక్కడ ఏనుగు ఉద్బోధకం.

ఈ రెండు జ్ఞానాలకూ ఒక స్పష్టమైన భేదమున్నది. ఎదుట ఉన్నదానిని చూసినప్పుడు "ఇది" అంటాము. గుర్తుకు వచ్చినదానిని "అది" అంటాము. "అది" అనే చిన్న మాటలో కాలమూ దూరమూ ఇమిడి ఉన్నాయి.

సాధారణమైన దుఃఖం కాలక్రమంలో "అది"గా మారుతుంది. తండ్రి ఆబ్దికం నాడు కన్ను చెమరుస్తుంది, కాని తండ్రి ఈ క్షణంలోనే కన్నుమూస్తున్నట్లు అనిపించదు. ప్రాణభయం, నిస్సహాయత కలిసి మీదపడిన సంఘటనల్లో మాత్రం కొందరికి ఈ క్రమం తప్పుతుంది. సంస్కారం బలంగా పడుతుంది. మేల్కొన్నప్పుడు స్మృతిగా రాక, అనుభవంగానే వస్తుంది. "అది జరిగింది" అని తోచవలసిన చోట "ఇది జరుగుతున్నది" అని తోస్తుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్లు చెమటపడుతుంది, పారిపోవాలనిపిస్తుంది. ఉద్బోధకం ఎంత చిన్నదైనా చాలు. డీజిలు వాసన, తలుపు ధడాలున పడిన చప్పుడు, ఉత్సవంలో పేల్చిన టపాకాయ, క్యూలైనులో నాలుగువైపులా కమ్ముకున్న జనం, ఏదైనా కావచ్చు.

అందువల్ల ఆ మనిషి ఉద్బోధకాలను తప్పించుకొని తిరగడం మొదలుపెడతాడు. ఆ దారిన వెళ్లడు, ఆ మాట ఎత్తనివ్వడు, ఆ నెల వస్తే ఇల్లు కదలడు. తప్పించుకున్నకొద్దీ అతని లోకం చిన్నదవుతుంది, భయం అలాగే ఉంటుంది. పీడకలలు, నిద్రలేమి, అకారణమైన కోపం, అయినవారి మీద కూడా ప్రేమ కలగని మొద్దుబారినతనం, "అంతా నా వల్లనే" అనే అపరాధభావం దీని లక్షణాలు. కొందరు దీనిని మరచిపోవడానికి మద్యాన్ని ఆశ్రయిస్తారు.

1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథంలో దీనిని చేర్చి పీటీఎస్‌డీ అని పేరు పెట్టింది. ఘోరమైన సంఘటన చూసిన ప్రతివారికీ ఈ వ్యాధి రాదు. చాలామంది కుటుంబం ఆదరణతో, కాలక్రమంలో కోలుకుంటారు. ఒక నెల దాటినా లక్షణాలు తగ్గక, నిత్యజీవితానికి అడ్డుపడుతుంటే నిపుణుని చూడవలసినదే. ఏళ్లు గడిచిపోయినా సరే, చికిత్సకు కాలదోషం లేదు.

ధర్మరాజుకు ఉపదేశాలు చాలలేదు

"ధైర్యం తెచ్చుకో, గతం గతః" అని చెబితే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదనడానికి మన మహాభారతమే నిదర్శనం. తిక్కన సోమయాజి తెనిగించిన శాంతిపర్వం ప్రారంభాన్ని గుర్తు చేసుకోండి. యుద్ధం గెలిచారు, రాజ్యం చేతికి వచ్చింది. ధర్మరాజు మాత్రం గంగాతీరంలో కుంగిపోయి కూర్చున్నాడు. చనిపోయిన కర్ణుడు తన అన్న అని యుద్ధం ముగిసిన తరువాత తల్లి చెప్పగా తెలిసింది. సభలో కర్ణుడు పరుషంగా మాట్లాడినప్పుడు కూడా, అతని పాదాలు చూస్తే తల్లి పాదాల వలె కనిపించి తన కోపం చల్లారేదని నారదునితో చెప్పుకొని విలపించాడు. ఆ పోలిక ఎందుకో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది.

అర్జునుడు వాదించాడు. భీముడు మందలించాడు. నకుల సహదేవులు, ద్రౌపది తలా ఒక రీతిగా చెప్పారు. అన్నీ సదుద్దేశంతో చెప్పిన మాటలే. ఒక్కటీ ఆయన దుఃఖాన్ని తీర్చలేదు. చివరకు వ్యాసుడు, శ్రీకృష్ణుడు ఆయనను భీష్ముని వద్దకు నడిపించారు. అక్కడ ఎన్నో రోజులు ధర్మరాజు ప్రశ్నలు అడుగుతూ, వింటూ కూర్చున్నాడు. అంత విన్న తరువాత కూడా, భీష్ముడు దేహం విడిచిన పిమ్మట గంగ ఒడ్డున మళ్లీ కూలిపోయాడు. అశ్వమేధపర్వం అక్కడే మొదలవుతుంది.

ఇదంతా నేటి మనశ్శాస్త్రమని నేననను. ఇందులో మూడు సత్యాలు మాత్రం ఉన్నాయి. తీవ్రమైన మనోగాయానికి తొందరపాటు హితవచనం మందు కాదు. ఓపికగా, చాలాకాలం, ఒక సమర్థుని సన్నిధిలో మాట్లాడవలసి ఉంటుంది. కొంత నయమైన తరువాత మళ్లీ కుంగిపోవడం ఓటమి కాదు. ధర్మరాజంతటివానికే తప్పనిది మనకు సిగ్గుచేటు ఎలా అవుతుంది?

దివిసీమ వాసి ఒకరి వృత్తాంతం

చికిత్స క్రమాన్ని ఒక ఉదాహరణతో చెబితే సులభంగా బోధపడుతుంది. నా ప్రవచనాలకు వచ్చే ఒక విశ్రాంత ఉద్యోగి వృత్తాంతమిది. ఆయన అనుమతితోనే, పేరూ ఊరూ చెప్పకుండా రాస్తున్నాను.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆయనకు అప్పుడు తొమ్మిదేళ్లు. తుమ్మచెట్టును పట్టుకొని రాత్రి గడిపాడు. ఆరేళ్ల చెల్లెలి చేయి పట్టు జారిపోయింది. బియ్యం, బట్టలు, తరువాత ఇళ్లు వచ్చాయి. మనసుకు మాత్రం మందు రాలేదు. ఈ వ్యాధికి పేరే లేని కాలమది. ఆయన పెరిగి, చదివి, ఉద్యోగం చేసి, పిల్లల పెళ్లిళ్లు చేశారు. కాని గాలి హోరు వినబడితే గదిలో తలుపులు బిగించుకొని కూర్చునేవారు. మాఘపూర్ణిమకు హంసలదీవిలో సంగమస్నానానికి ఇంటిల్లిపాదీ వెళ్లినా ఆయన వెళ్లరు. "దేవుడి పని మీద కూడా ఇంత అశ్రద్ధ ఏమిటండీ?" అని భార్య నొచ్చుకునేది.

ఆయన నన్ను అడిగినది ఒక్కటే. "గురువుగారూ, నేను నా చెల్లెలి చేయి వదిలేశాను. దీనికి ప్రాయశ్చిత్తం ఏమిటి?" కర్తృత్వం లేని చోట పాపం లేదు, పాపం లేని చోట ప్రాయశ్చిత్తం లేదు అని శాస్త్రం ప్రకారం చెప్పాను. విన్నారు, తలూపారు. ఆ మాట బుద్ధికి ఎక్కింది, లోపలికి దిగలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఆయనను ఆయన కుమారునితో కలిపి ఒక ప్రభుత్వాసుపత్రిలోని మానసిక విభాగానికి పంపించాను. అక్కడ ఒక క్లినికల్ సైకాలజిస్టు, పిన్నవయస్కురాలైన ఒక అమ్మాయి, వారానికొకసారి చొప్పున ఆయనతో పనిచేసింది.

చికిత్స ఎలా సాగుతుంది

ఆఘాతం నుండి కోలుకోవడంలో మూడు దశలుంటాయని అమెరికా మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. మొదటిది భద్రత. రెండవది జరిగినదానిని గుర్తుచేసుకొని దుఃఖించడం. మూడవది మళ్లీ జీవితంతో, మనుషులతో కలవడం. నిపుణుల పద్ధతులు వేరువేరుగా ఉన్నా, ఈ మూడు మెట్లు చాలావాటిలో కనిపిస్తాయి.

మొదటి కొన్ని వారాలు ఆ అమ్మాయి ఉప్పెన మాట ఎత్తలేదు. నిద్ర ఎలా ఉన్నది, ఇంట్లో ఎవరున్నారు, ప్రాణం తీసుకోవాలన్న తలంపు వస్తుందా అని అడిగింది. భయం లేచినప్పుడు ఊపిరిని నెమ్మదిగా విడవడం, అరికాళ్లు నేలకు ఆనించి చుట్టూ ఉన్న ఐదు వస్తువులను పేరుపెట్టి చెప్పుకోవడం నేర్పింది. ఇది చిన్నపనిగా తోస్తుంది గాని, "నేను ఇప్పుడు ఇక్కడ ఉన్నాను" అని శరీరానికి తెలియజెప్పే సాధన అది. ఈ కాలు నిలదొక్కుకోకుండా గాయాన్ని కదిలించరాదు.

ఆ తరువాత అసలు పని మొదలైంది. ఆ రాత్రిని మొదటినుండి చివరిదాకా, ఇప్పుడే జరుగుతున్నట్లుగా, కళ్లు మూసుకొని చెప్పమన్నది. ఆ మాటలను రికార్డు చేసి, ఇంటివద్ద రోజూ ఒకసారి వినమన్నది. ఎడ్నా ఫోవా అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతి ఇది. తప్పించుకోవడం వల్ల పెరిగిన భయాన్ని, భద్రమైన చోట కొంచెంకొంచెంగా ఎదుర్కోవడం దీని మూలసూత్రం. తొలివారాల్లో ఆయనకు నిద్ర మరింత చెడింది. మానేస్తానన్నారు. ఇలా కావడం సహజమేనని, కట్టు విప్పి కడిగినప్పుడు పుండు మండినట్లేనని ఆమె ముందే చెప్పి ఉండడం వల్ల నిలబడ్డారు.

చెప్పగా చెప్పగా మరచిపోయిన ముక్కలు బయటికి వచ్చాయి. చెల్లెలి జడకు కట్టిన ఎర్ర రిబ్బను గుర్తుకు వచ్చింది. తెల్లవారుజామున ఎవరో పెద్దాయన తన నడుము చుట్టూ పంచె చుట్టి చెట్టుకు కట్టిన సంగతీ గుర్తుకు వచ్చింది. అంతకాలం ఆ రాత్రిలో జారిన చేయి ఒక్కటే ఉండేది. ఇప్పుడు దానికి మొదలు, నడుమ, తుది ఏర్పడ్డాయి. తుది ఏర్పడిన సంఘటననే మనసు "అది" అనగలుగుతుంది.

ఇక "నేను వదిలేశాను" అనే మాట. ఇటువంటి గట్టిపడిన భావాలను పరీక్షించే పద్ధతిని పెట్రీషియా రెసిక్ అనే సైకాలజిస్టు రూపొందించారు. అది సాధారణంగా పన్నెండు విడతలలో సాగుతుంది. తార్కికులకు ఇది పరిచితమైన మార్గమే. ప్రతిజ్ఞకు హేతువేమిటి, ఆ హేతువు నిలుస్తుందా అని అడగడం. తొమ్మిదేళ్ల పిల్లవాని బలమెంత? ఆ నీటి వేగమెంత? ఆ రాత్రి చెట్లు పట్టుకొన్న పెద్దవారిలో ఎందరు తమ పిల్లలను నిలుపుకోగలిగారు? మీ మనుమడికి ఇదే జరిగితే వానిని ఏమంటారు? ఆమె సమాధానాలు చెప్పలేదు, ప్రశ్నలే అడిగింది. ఒకనాడు ఆయనే అన్నారట: "నేను వదలలేదమ్మా. నీళ్లు లాక్కుపోయాయి." నేను చెప్పినదీ అదే. కాని నేను చెప్పినప్పుడు అది నా సిద్ధాంతం. ఆయన చెప్పుకున్నప్పుడు ఆయన నిర్ణయం.

చివరగా మెట్లుమెట్లుగా బయటి లోకం. మొదట ఫోనులో వాన చప్పుడు. తరువాత కాలువగట్టు. తరువాత కృష్ణ ఒడ్డు. ఆ పైన దూరం నుండి సముద్రం. ఒక మెట్టు మీద భయం దిగిన తరువాతే మరొక మెట్టు. మొన్నటి మాఘపూర్ణిమకు ఆయన సంగమంలో మోకాలిలోతు నీటిలో నిలిచి, చెల్లెలి పేరు చెప్పి దోసెడు నీళ్లు విడిచారు. "ఏడ్చానండీ. కాని భయం వేయలేదు. ఏడుపే వచ్చింది" అని నాతో అన్నారు. ఇప్పటికీ తుపాను హెచ్చరిక వస్తే ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టదు. కాని తలుపులు బిగించుకొని కూర్చోవడం లేదు.

చికిత్స ఆయనకు మరపునివ్వలేదు. చెల్లెలిని ఆయన మరచిపోవాలని ఎవరు కోరుకుంటారు? అనుభవంగా వేధించినదానిని స్మృతిగా మార్చి ఇచ్చింది. "ఇది"ని "అది"గా చేసింది.

ఇవిగాక ఈఎండీఆర్ అనే పద్ధతి కూడా ఉన్నది. ఫ్రాన్సిన్ షపీరో 1989లో దీనిని గురించి తొలి అధ్యయనం ప్రచురించారు. బాధాకరమైన జ్ఞాపకాన్ని మనసులో నిలుపుకొని, చికిత్సకుని వేళ్ల కదలికను కళ్లతో అనుసరించడం ఇందులోని ప్రక్రియ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనిని, ఆఘాతంపై కేంద్రీకరించిన ఆలోచనా ప్రవర్తనా చికిత్సను సిఫారసు చేసింది. సెర్ట్రలిన్ వంటి మందులు కొందరికి తోడ్పడతాయి. వాటిని సైకియాట్రిస్టు సలహాతోనే వాడాలి, ఆ సలహాతోనే ఆపాలి. నిద్రమాత్రలు సొంతంగా కొని మింగడం ప్రమాదం.

దైవభక్తికి ఇది విరుద్ధమా?

"స్వామిని నమ్ముకున్నవారికి డాక్టరు ఎందుకు?" అని అడిగే భక్తులున్నారు. చరకసంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయం చూడండి. చికిత్స మూడు విధాలని అక్కడ చెప్పారు. మంత్రం, హోమం, ఉపవాసం, నమస్కారం, తీర్థయాత్ర మొదలైనవి దైవవ్యపాశ్రయం. ఆహారమూ ఔషధమూ యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాల నుండి మనసును మళ్లించి నిగ్రహించడం సత్త్వావజయం. మీరు చేసే యాత్ర ఆ మూడింటిలో ఒకటి. ఒకటి చేసినవారు మిగిలిన రెండూ మానుకోవాలని చరకుడు ఎక్కడా చెప్పలేదు. జ్వరం వస్తే మొక్కుకుంటాము, మాత్రా వేసుకుంటాము. మనసు విషయంలో ఎందుకు సంకోచించాలి?

మరొక మాట. హింసకు గురైన స్త్రీలు కొందరు తాము అపవిత్రులమని, గుడిమెట్లెక్కే అర్హత లేదని కుమిలిపోవడం నేను విన్నాను. బలాత్కారానికి గురైన స్త్రీని విడనాడరాదని వసిష్ఠ ధర్మసూత్రం విధించింది. దోషం చేసినవానిది. తల్లులారా, మీరు నిశ్చింతగా దర్శనానికి రండి. నిశ్చింతగా వైద్యుని వద్దకూ వెళ్లండి.

ఇంటివారు పాటించవలసినవి

ఆఘాతం జరిగిన వెంటనే "అంతా వివరంగా చెప్పు" అని బలవంతం చేయకండి. మొదట కావలసినవి భద్రత, ఆహారం, నిద్ర, తోడు. వారు చెప్పదలచినప్పుడు అడ్డుపడకుండా వినండి.

"నీ కర్మ" అనకండి. పూర్వకర్మ విచారణ తన విషయంలో చేసుకోవలసినది, ఎదుటివాని గాయం మీద వేయదగినది కాదు.

"దయ్యం పట్టింది" అని కొట్టించడం, వాతలు పెట్టించడం గాయం మీద గాయం. అది ఏ ఆలయ సంప్రదాయమూ కాదు.

కళ్లు మూసుకొని ధ్యానం చేస్తే కొందరికి పాత దృశ్యాలే ఎదుట నిలుస్తాయి. అటువంటివారిని బలవంతపెట్టకుండా, దీపాన్ని చూస్తూ నామం చెప్పుకోమనండి. రద్దీ తక్కువ ఉన్న వేళ దర్శనానికి తీసుకురండి.

వారు చికిత్సకు వెళ్లివచ్చిన రోజున ఏం మాట్లాడావని గుచ్చి అడగకండి. ఆ రోజు అలసట ఉంటుంది, విశ్రాంతి ఇవ్వండి.

ఎక్కడికి వెళ్లాలి

కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రులలో మానసిక విభాగాలుంటాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి వ్యక్తికీ ప్రభుత్వ సేవలద్వారా ఈ చికిత్స పొందే హక్కును, వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును ఇచ్చింది. ప్రైవేటుగా వెళ్లేవారు చికిత్సకుని అర్హతను, ఆఘాతచికిత్సలో శిక్షణను ముందుగా అడిగి తెలుసుకోండి. అడగడం అమర్యాద కాదు. ఒకరి వద్ద కుదరకపోతే మరొకరి వద్దకు వెళ్లవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న తలంపు వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి, ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు.

దాతలకు ఒక విన్నపం. అన్నదానం, విద్యాదానం మీరు ఎరిగినవే. దానాలలో అభయదానమనేది కూడా ఒకటున్నది. మీ గ్రామంలో ఇటువంటి బాధతో ఉన్న ఒక మనిషిని ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఆ బస్సు ఛార్జీ భరించి, వారం వారం తోడు వెళ్లడం అభయదానమే. దానికి రసీదు ఉండదు. ఫలం మాత్రం ఒక మనిషి మళ్లీ నిర్భయంగా మనుషుల మధ్యకు రావడం. స్వామి అనుగ్రహం అటువంటి చేతుల ద్వారా కూడా ప్రసరిస్తుందని నా విశ్వాసం.

శుభం భూయాత్.